గట్టు మీద నుంచి తీసిన ఫోటోలు

2022 జూలై వరదప్పుడు భద్రాచలంలో ఫోటో తీయని మనిషి లేడు. ఫోన్ ఉన్నవాడు తన ఫోన్‌తో తీశాడు, లేనివాడు పక్కవాడి చేత తీయించుకున్నాడు. కరకట్ట మీద, వంతెన మొదట్లో, లాడ్జీల మేడల మీద, ఎక్కడ చూసినా పైకి లేచిన చేతులే. అన్ని చేతులు లేచిన ఊరిని, ఆ ఫోటోల్లోంచి ఓ వందైనా తీసి, ఏది ఏ వీధిలో ఏ వేళకి తీసిందో చెప్పమంటే ఇవాళ నోరు వెళ్ళబెట్టాల్సిందే. ఈ తప్పు గోదావరిది కాదు. ప్రభుత్వాల తప్పులంటారా, వాటిని ఏకరువు పెట్టడంలో మా ఊరిది అందె వేసిన చెయ్యి. ఆ పని ఇంకోసారి చేసుకోవచ్చు. ఇక్కడ రాస్తున్నది మా సంగతి.

మా దగ్గర గోదావరిని అడుగుల్లో మాట్లాడతాం. 43 మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. వానాకాలం టీకొట్టు దగ్గర "ఎంత?" అని ఎవరైనా అడిగితే అది టీ ధర గురించి కాదని కొట్టువాడికి తెలుసు. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు. 1990 ఆగస్టులో 70.8. 2006లో 66.9. 2013లోనూ, 2020లోనూ 61 దాటింది. 2022 జూలై 16న 71.3. పెద్ద వరదంటే ఆగస్టుదేనని ధీమాగా ఉన్న ఊరికి జూలైలోనే డెబ్భై దాటి చూపించింది.

ఈ అంకెలన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అయితే గేజీ చెప్పేది నదిలో మట్టం. 60 అంటే వీధిలో అరవై అడుగుల లోతని కాదు. ఏ అడుగుకి ఏ సందు మునుగుతుంది, దుమ్ముగూడెం రోడ్డు ఎప్పుడు తెగుతుంది, ఏ వరసలో ఏ ఇంటి గడప దాటుతుంది అన్న లెక్క అధికారుల దగ్గర కొంత ఉంటే ఉంటుంది. పూర్తిగా ఉండగలిగింది మా దగ్గరే. వరద రోజుల్లో మట్టం గంట గంటకీ చెబుతూనే ఉంటారు. ఫోటో తీసిన వేళ తెలిస్తే ఆ గంటకి గేజీ ఎంతుందో తెలుస్తుంది. ఫోటోలో నీళ్ళు ఎన్నో మెట్టు మీద ఉన్నాయో కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది. ఆ రెండూ కలిపి ఊరి పటం మీద ఒక గీత గీస్తే సరి. వేల ఫోటోలు తీశాం కాబట్టి వేల గీతలు పడేవి. మళ్ళీ నీళ్ళొచ్చే రోజున ఏ ఇంటి ముసలమ్మని ముందు కదిలించాలో ఆ పటమే చెప్పేది. ఖర్చు లేదు, టెండరు లేదు, ఎమ్మెల్యే గారి చుట్టూ తిరిగే పని లేదు. అయినా చేయలేదు.

ఎందుకు చేయలేదో చెప్పాలంటే ఫోటోలు ఏమయ్యాయో ముందు చెప్పాలి. ఫోన్‌లో తీసిన ప్రతి ఫోటో వెనకా తీసిన తేదీ, గంట, నిమిషం దాగి ఉంటాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా. ఆ ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా పంపగానే అది కుంచించుకుపోతుంది, వెనక దాచుకున్న వివరాలు రాలిపోతాయి. చేరినవాడి దగ్గర బొమ్మ మాత్రమే మిగులుతుంది. మేం తీసిన ప్రతిదీ తీసిన నిమిషంలోనే పంపేశాం. తమ్ముడికి, హైదరాబాద్‌లో చదువుకునే అమ్మాయికి, అమెరికాలో ఉన్న తోడల్లుడికి, ఫలానా బ్యాచ్ గ్రూపుకి. "గోదారమ్మ ఉగ్రరూపం" అని రాశాం. దాని కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టాం. వీధి పేరు రాయలేదు, టైం రాయలేదు. మిగిలినవి స్టేటస్‌లో పెట్టాం, ఇరవై నాలుగు గంటల్లో అవి వాటంతట అవే పోయాయి. అసలు ఫోటో ఉన్న ఫోన్ ఏడాదికో రెండేళ్ళకో ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో పోయింది.

పైగా మా గ్రూపుల్లో తిరిగినవన్నీ మావి కావు. ఆ వారంలోనే పైన కడెం ప్రాజెక్టుకి దాని శక్తికి మించి నీళ్ళొచ్చి, కట్ట ఉంటుందో పోతుందో తెలియని రాత్రి గడిచింది. ఇంకేముంది, ఎక్కడిదో డ్యామ్, ఏ ఏటిదో వీడియో, "కడెం తెగింది, భద్రాచలం వాళ్ళు ఖాళీ చేయండి" అని రాసి తిప్పాం. కడెం తెగలేదు. మా కళ్ళ ముందు తీసిన నిజమైన ఫోటోకి ఊరూ పేరూ లేకుండా చేశాం, ఎవడో అంటించిన అబద్ధపు ఫోటోకి మాత్రం ఊరి పేరు పెట్టాం.

సరే, ఉన్నంతవరకూ ఆ ఫోటోల్లో ఏముంది? నాకు దొరికినవి వరసగా చూశాను. దాదాపు అన్నీ ఒకే వైపు తిరిగి తీసినవి. కరకట్ట మీద నిలబడి, ఊరికి వీపు పెట్టి, నదికేసి. ఎర్రటి నీళ్ళు, కొట్టుకొచ్చే దుంగలు, పిల్లర్ల మీద ఎక్కడిదాకా వచ్చిందో తెలిసే వంతెన, మునిగిన కల్యాణకట్ట. బాగానే ఉన్నాయి. కొన్నయితే పత్రికలవాళ్ళు తీసినవాటి కన్నా బాగున్నాయి. కానీ ఆ రోజుల్లో ఊళ్ళో జనాన్ని ఏడిపించిన నీళ్ళు వాళ్ళ వీపు వెనక ఉన్నాయి.

1986 దెబ్బ తర్వాత కట్టుకున్న కరకట్ట మాకు కోటగోడలాంటిది. గోదావరి పెరిగితే కట్టలోని స్లూయిస్ గేట్లు దించేస్తారు, నది లోపలికి రాకుండా. అప్పుడు ఊళ్ళో కురిసిన వాన, మా కాల్వల నీళ్ళు బయటికిపోయే దారి ఉండదు. మోటార్లు పెట్టి కట్ట మీదుగా అవతలికి తోడాలి. మోటార్లు చాలకపోయినా, గేట్లు కారినా, గుడి చుట్టుపక్కల పల్లపు వీధుల్లో మురుగు మోకాళ్ళ దాకా నిలబడిపోతుంది. నల్లటి నీళ్ళు. వాటి మీద తేలేది మేం పారేసిన క్యారీబ్యాగులు, కొబ్బరి చిప్పలు, టీ కప్పులు, యాత్రికులు విడిచిన చెప్పులు. కాల్వకి అడ్డంగా వేసుకున్న మా మెట్లు, కాల్వ మీదే కట్టుకున్న మా కొట్ల అరుగులు, ర్యాంపులు. ఈ వరదకి ఫోటోలు లేవు. ఎవరికి నచ్చుతుంది? దానిలో ఉగ్రరూపం లేదు, కంపు ఉంది. అదీగాక తీస్తే ఎవరి అరుగు కాల్వలోకి ఎంత జరిగిందో పడుతుంది. మేం కెమెరా నదివైపు తిప్పడం అందంకోసమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. వరసగా చూశాక ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు.

దిగువన కడుతున్న పోలవరం డ్యామ్ సంగతి కూడా ఇలాంటిదే. 2022లో మా ప్రతి ఫోటో కిందా ఎవరో ఒకరు ఆ పేరు రాశారు. వెనక్కి తన్నే నీళ్ళ భయం తీసిపారేసేది కాదు; లెక్కలు తేలాల్సిందే, తేలేదాకా అడగాల్సిందే. కానీ 1986లో పోలవరం లేదు, 1990లో లేదు. అప్పుడు మునిగిన పల్లంలోనే ఆ తర్వాత ప్లాట్లు వేసి అమ్మిందీ, కొన్నదీ, రిజిస్ట్రేషన్ రోజున స్వీట్లు పంచిందీ మేమే.

1986 అనగానే ఊళ్ళో పెద్దవాళ్ళు నిట్టూర్చి మొదలుపెడతారు. చెప్పడానికి చాలా ఉంటుంది, చూపించడానికి ఏమీ ఉండదు. అప్పట్లో కెమెరా ఉన్న ఇల్లు వేళ్ళమీద లెక్క. రీలుకి ముప్పై ఆరు ఫోటోలు, అవీ పెళ్ళికో పుట్టువెంట్రుకలకో దాచుకునేవి. అయినా కొందరు తీశారు. స్టూడియో వాళ్ళే కాదు, కొత్తగా కెమెరా కొనుక్కున్న ఉద్యోగులూ, సెలవులకొచ్చిన కాలేజీ కుర్రాళ్ళూ. అలాంటి ఒక ప్రింటు నా చేతికొచ్చింది. పోస్టుకార్డు సైజు, నలుపు తెలుపు. పెంకుటింటి కప్పు వాలుకి ఆనుకుని నాటు పడవ. పడవలో బోసి ఒంటి మనిషి గెడ పట్టుకుని నిలబడ్డాడు. అతని భుజం ఎత్తులో కరెంటు తీగలు. అంటే స్తంభం దాదాపు మొత్తం నీళ్ళలోనే ఉంది. పైన పింగాణీ గిన్నెలు మూడు తెల్లగా కనిపిస్తున్నాయి. పడవ అడుగున ఒక మేక, ఒక ట్రంకు పెట్టె. వెనక పెన్సిల్‌తో తేదీ ఉంది. స్టూడియో ముద్ర నీళ్ళకి అలుక్కుపోయింది. కుడివైపు మూడో వంతు బొమ్మ లేదు. అది ఫ్రేము అద్దానికి అతుక్కుని అక్కడే ఉండిపోయింది.

ఫోటో ప్రింటు మీద ఉండే పొర తడిస్తే జిగురవుతుంది. ఆరితే దేన్ని తాకి ఉంటే దాన్ని పట్టుకుంటుంది. వరద తగ్గాక ఆల్బమ్‌ని శుభ్రమైన చన్నీళ్ళలో మెల్లగా కడిగి, ఒక్కో ఫోటో విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడపట్టున ఆరబెడితే చాలా మటుకు దక్కుతాయి. మేం ప్రతి వరదకీ ఆల్బమ్‌లను పిల్లల పుస్తకాలతో, పరుపులతో కలిపి నడివీధిలో ఎండలో పడేశాం. అవి చుట్టలు చుట్టుకుని, అట్టలు కట్టాయి. బురద చెత్తతో పాటు ట్రాక్టర్ ఎక్కాయి. 2011 సునామీ తర్వాత జపాన్‌లో యమమోటో అనే చిన్న ఊరి శిథిలాల్లో దొరికిన కుటుంబ ఫోటోలు ఏడున్నర లక్షల దాకా ఉంటాయట. వాటిని స్వచ్ఛందంగా వచ్చిన వాళ్ళు కడిగి, ఆరబెట్టి, సొంతదారులు వెతుక్కోవడానికి వీలుగా పెట్టారు. వాళ్ళకి డబ్బుంది, కంపెనీలు సాయం చేశాయి అంటారు మావాళ్ళు. కాదనను. ఒక బకెట్టు చన్నీళ్ళకి, ఒక నీడపట్టుకి ఎంతవుతుంది?

ఆ సగం ఫోటోలోని పెంకుటిల్లు ఉన్నచోట ఇప్పుడు ఏముందో వెతికాం. ఇంటి పెద్దలు ఇద్దరు చెరోమాట చెప్పారు, చివరికి వెనకున్న చింతచెట్టు ఆనవాలుతో తేల్చారు. అక్కడ మూడంతస్తుల భవనం ఉంది. కింద అంతస్తులో కొట్లు, అద్దెకి. 71.3 అడుగులప్పుడు ఆ కొట్ల షట్టర్ల మీద నీటి గీత పడే ఉంటుంది కదా, చూద్దామన్నారు ఎవరో. గీత లేదు. కొత్త రంగు ఉంది.

ఇది ఆ ఒక్క భవనం సంగతి అయితే రాసేవాణ్ణి కాదు. వరద దిగాక గోడ మీద ఒండ్రు గీత ఒకటి మిగులుతుంది, తాడు పట్టి కొట్టినంత తిన్నగా. ఫోటో కన్నా నమ్మకమైన సాక్ష్యం అది. దాని పక్కన మేకుతో తేదీ గీకితే చాలు, మనవడి దాకా ఉంటుంది. పాత రేవుల్లో, గుళ్ళ గోడల మీద పూర్వులు అలా రాళ్ళు పెట్టినచోట్లు దేశంలో ఉన్నాయి. మేం సున్నం కొట్టాం. అద్దెకి వచ్చేవాడు చూస్తే బేరం తగ్గిస్తాడని కొట్టాం, పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళు "ఇక్కడిదాకా వస్తుందా అండీ" అంటారని కొట్టాం. శ్రీరామనవమికి ఊరంతా ముస్తాబు కావాలి కదా, యాత్రికుడికి మురికి గోడ చూపిస్తామా? సీతారాముల కల్యాణం నాటికి గీత గల్లంతు.

ఫోటోల్లో మనుషుల గురించి కూడా చెప్పాలి. 2022 వరదప్పుడు వేలమంది పునరావాస కేంద్రాల్లో ఉన్నారు. బడి గదుల్లో, కాలేజీల్లో, చాపల మీద. మాలో ఇల్లు మునగనివాళ్ళం అన్నం పొట్లాలు కట్టించి తీసుకెళ్ళాం. మంచి పనే. పొట్లం ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి కలిసినచోట ఆగి ఫోటో తీయించుకున్నాం. అలాంటి ఫోటో ఒకటి ఇంకా తిరుగుతోంది. నలుగురం ఇవతల నవ్వుతున్నాం. అవతల ఒకావిడ, చంకలో పిల్ల, కొంగు మొహం మీదికి లాక్కుంటోంది. నవ్వే నలుగురి పేర్లూ కింద రాసి ఉన్నాయి. ఆవిడ పేరు లేదు. ఆవిడ ఇల్లు ఎక్కడో, తిరిగెళ్ళేసరికి అందులో ఏం మిగిలిందో ఎవరూ తీయలేదు.

ఆ తర్వాత ఇంటింటికీ పది వేల సాయం ప్రకటించారు. జాబితాలు రాయడానికి సిబ్బంది వచ్చారు. మా ఇల్లు మునిగిందంటే మా ఇల్లు మునిగిందని గొడవలు. కట్టకి దగ్గరగా, గడప దాకా నీళ్ళొచ్చిన వాళ్ళ దగ్గర ఫోన్ నిండా ఫోటోలున్నాయి. తీసే తీరిక వాళ్ళకే ఉంది. నిజంగా కప్పు దాకా మునిగినవాళ్ళు రాత్రికి రాత్రి కట్టుబట్టలతో, చార్జింగ్ లేని ఫోన్‌తో బయటపడ్డవాళ్ళు. చూపించమంటే చూపించడానికి వాళ్ళ దగ్గర ఏముంటుంది? వాళ్ళ కప్పులు మా దగ్గర ఉన్నాయి. మేడల మీద నుంచి తీసిన మా వీడియోల్లో, డ్రోన్ ఎగరేసిన కుర్రాళ్ళ రీల్స్‌లో ఆ రేకులు, ఆ పెంకులు వరసగా కనిపిస్తాయి. "ఇదిగో, ఆ రోజు పొద్దున ఈ వరసంతా మునిగే ఉంది" అని ఒక్క ఫోన్ తీసుకెళ్ళి ఆ సిబ్బంది ముందు పెట్టినవాడు మాలో నాకు తెలిసి లేడు. రీల్‌కి పాట మాత్రం పెట్టుకున్నాం.

ఇక మా ఫోటోల్లో లేని ఊళ్ళు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. శబరి పోటు మీద ఉంటే గోదావరి దిగదు, గోదావరి నిండుగా ఉంటే శబరి వెనక్కి తన్ని చింతూరు దారి మూస్తుంది. కూనవరం, వి.ఆర్.పురం, వేలేరుపాడు, కుక్కునూరు వైపు మునిగేది ముందు, తేలేది చివర. 2014 దాకా వాళ్ళూ మేమూ ఒకే జిల్లా, వాళ్ళు సంతకి, ఆసుపత్రికి, కాలేజీకి మా ఊరే వచ్చేవారు. ఇప్పటికీ వస్తారు. ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళిన రోజున మేం ధర్నాలు చేశాం, మా పల్లెలు మాకివ్వమన్నాం. ఎనిమిదేళ్ళ తర్వాత వరదొచ్చింది. మా గ్రూపుల్లో భద్రాచలం ఫోటోలు వందలు. సరిహద్దు దాటిన ఫోటో నేను వెతికితే దొరికినవి రెండు, అవీ అక్కడి టీచరెవరో పంపినవి. ఇసుక గుట్ట మీద డేరాలు, దూరంగా నీళ్ళలో తాటిచెట్ల తలలు. కోయ గూడేలు, కొండరెడ్ల ఊళ్ళు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్న ఆ రోజుల్లో మేం కరకట్ట మీద మొక్కజొన్న కంకులు కొనుక్కుని నది చూడ్డానికి వెళ్ళాం. నూట నలభై నాలుగో సెక్షన్ పెట్టారు, పోలీసులు తరిమారు, సందులోంచి మళ్ళీ వెళ్ళాం.

పర్ణశాలలో సీతవాగు పొంగి నారచీరల చోటు మునిగితే ఆ ఫోటో మాత్రం ఏటేటా ఊరంతా చూస్తుంది. సీతమ్మ విగ్రహం నడుము దాకా నీళ్ళలో ఉందని గుండెలు బాదుకుంటాం. దాని చుట్టూ బొమ్మలు, గాజులు అమ్ముకునే కొట్లు కూడా ఆ ఫోటోలోనే మునిగి ఉంటాయి. చూడమంటే తప్ప చూడం.

ఈమధ్య కొందరం కూర్చుని, పోయినవి పోగా మిగిలినవి పోగేద్దామనుకున్నాం. ఫార్వర్డ్ చేయొద్దు, అసలు ఫైలు పంపండి, ఏ వీధో రాయండి అని ఊళ్ళో చెప్పాం. "ఫోన్ మార్చాను", "మెమరీ కార్డు పాడైంది", "మా వాడి దగ్గరుండాలి, వాడు బెంగళూరులో ఉన్నాడు". కొన్ని వచ్చాయి. వాటిలో ఒకటి అచ్చం మాకు కావలసింది. అసలు ఫైలు. తేదీ, నిమిషంతో సహా ఉంది. ఒక సందు మొగ, రెండు వైపులా ఇళ్ళు, నీళ్ళు కిటికీ ఊచల్లో సగానికి. దాని ఆధారంతో ఆ సందంతా ఏ అడుగుకి మునుగుతుందో గీయొచ్చు. మర్నాడు పంపినాయన ఫోన్ చేశాడు. ఊళ్ళో అందరికీ కావలసినవాడు, ఎవరింట్లో చావైనా ముందుండే మనిషి. ఆ సందులో తనకో ఖాళీ స్థలం ఉందనీ, కొత్తగూడెం నుంచి పార్టీ వచ్చి చూసుకు వెళ్ళారనీ, అడ్వాన్స్ మాట నడుస్తోందనీ చెప్పాడు. ఇంకో ఎనిమిది అడుగులు మట్టి పోసుకుంటే ఏమీ కాదన్నాడు. మట్టి పోస్తే నీళ్ళు పక్కింటికి పోతాయి కదా అంటే, "వాళ్ళూ పోసుకుంటార్లే" అన్నాడు. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆ ఫోటో బయటికి తీయకండి, అంతకు మించి ఏమీ అడగను అన్నాడు.

నలుగురం మొహాలు చూసుకున్నాం. అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాడు పాపం అన్నాడొకడు. ఫోటో పక్కన పెట్టాం.